కడుపులో పెట్టుకున్నది

సోమవారం పొద్దున్నే నాకు సీసాల్లో వస్తాయి.
ఒక్కో సీసాలో చింతగింజంత ముక్క.
మూత మీద అంకె, రేవు పేరు, పట్టిన తేదీ.
చేప రాదు.
చేప ఎప్పుడో అమ్ముడుపోయి ఉంటుంది.

కిసుములో, నామ్ లోల్వే సరస్సు ఒడ్డున
లారీలు మోకాటిలోతు నీళ్లలోకి దిగుతాయి.
గేదెల్ని తోమినట్టు
కుర్రాళ్లు వాటి చక్రాలు తోముతారు.
డీజిల్ సింగిడిలా విచ్చుకుని
నురగను పక్కకి నెడుతుంది.
పదడుగుల అవతల అపోండి బాణలిలో
న్గేగే చేప వేగుతుంటుంది, కన్ను తెల్లబడి.

నా పని చిన్నది.
ఫార్మలిన్‌లో రెండు రోజులు, ఆల్కహాల్‌లో మెట్లు మెట్లుగా,
ఆఖరికి కరిగిన మైనంలో.
బిగుసుకున్న ముక్కను కత్తికి ఆనించి చక్రం తిప్పుతాను.
వెంట్రుకను పదిహేను చీలికలు చేస్తే
అందులో ఒక చీలికంత మందాన
పొర వెంట పొర దిగుతుంది.
గోరువెచ్చని తొట్టి మీద వదిలితే
ముడతలు వాటంతటవే విప్పుకుంటాయి.
అవి డిస్టిల్డ్ నీళ్లు.
పుట్టిన తర్వాత ఆ కార్జం ఎరిగిన
మొదటి మంచినీళ్లు.

రిపోర్టులో కాలేయం అని రాయాలి.
కార్జం అంటే సంతలో మాట.

ఊదారంగు, ఆపైన గులాబీరంగు వేస్తాను.
మంచి కార్జాన్ని నేను ఒక్కసారే చూశాను,
కొండ మీది హేచరీ నుంచి పాఠం కోసం తెచ్చినప్పుడు.
కణం పక్కన కణం, బంతిలో కూర్చున్నట్టు,
ఎవరి విస్తరి నడుమ వాళ్ల ముద్ద.
ఇక్కడ బంతి చెదిరిపోయింది.
ముద్ద విస్తరి అంచుకు తోసుకుపోయింది.
నడుమ గుండ్రటి తెల్లటి ఖాళీ.
అది కొవ్వు పేరుకున్న చోటు;
కొవ్వును నా ఆల్కహాలే కడిగేసింది,
ఖాళీ మాత్రం సాక్ష్యానికి మిగిలింది.
కొన్ని కేంద్రకాలు మిరియపుగింజల్లా ముడుచుకున్నాయి.
నెత్తురు దారులు సంతరోజు సందుల్లా కిక్కిరిసి
ముందుకూ లేవు, వెనక్కీ లేవు.
అక్కడక్కడా గోధుమరంగు గుంపులు,
చచ్చిన వాటిని మింగి
కదల్లేక కూర్చున్న కాటికాపరులు.

ఇదంతా కలిపి "రెండు" అని రాస్తాను.
సున్నా నుంచి మూడు దాకా ఉన్న నిచ్చెన మీద, రెండు.

కడుపులో పెట్టుకో, బయట పెట్టకు అంటారు పెద్దవాళ్లు.
చక్కెరమిల్లు మడ్డి, చెరకుతోటల మందు,
చక్రాల సబ్బు, మా వీధి మరుగు,
దేన్నీ బయట పెట్టలేదు ఈ చింతగింజంత ముక్క.
విరవగలిగింది విరిచింది.
పైత్యంలో కలిపి పంపగలిగింది పంపింది.
లొంగనిదాన్ని
తన గదుల్లోనే దాచి తలుపు వేసుకుంది.

అపోండికి మైక్రోస్కోప్ లేదు, బొటనవేలుంది.
పొట్ట చీల్చి, వేలు లోపలికి పోనిచ్చి
చూడకుండానే చెబుతుంది:
"ఇది పసుపు తిరిగింది. చేతికి జిడ్డు.
మా అత్త కాలంలో ఇటుకరంగు,
నొక్కితే ఎదురు నొక్కేది."
పాడైనదాన్ని వెనక్కి విసురుతుంది.
బట్టతల కొంగ ఒకటి అడుగు కదపకుండా అందుకుంటుంది.

"నీ అద్దంలో ఏం కనపడింది, ఒబురా?"
రెండు, అన్నాను.
"రెండంటే తినొచ్చా?"
నా కాగితంలో ఆ గడి లేదు.
ఆమె నవ్వి పళ్లెం ముందుకు తోసింది,
ఉగాలి ముద్ద, సగం చేప.
తిన్నాను.
ఉప్పు సరిగ్గా సరిపోయింది.

సాయంత్రం గిన్నెలు కడిగాను.
గులాబీ నీళ్లు సింకులో సుడి తిరిగి దిగాయి,
వెనకే ఊదా,
ఆ వెనక ముక్కు మండించే వాసన.
ఆ గొట్టం ఎటు పోతుందో
ఆరేళ్లలో ఒక్కసారీ అడగలేదు నేను.
కిటికీలోంచి చూస్తే
ఇక్కడి నేలంతా సరస్సు వైపే వాలి ఉంటుంది.